ఎదుటివాళ్ళ ప్రారబ్ధం

మీరు ఎవరితోనూ అనరన్న నమ్మకంతో చెబుతున్నాను. కర్మ సిద్ధాంతం మీద నాకున్నంత పట్టు మా జిల్లా మొత్తం మీద ఇంకెవరికీ లేదని చాలా ఏళ్ళు అనుకున్నాను. సంచితం, ప్రారబ్ధం, ఆగామి. ఈ మూడు మాటలూ ఎప్పుడూ నా నాలుక చివరే ఉండేవి. పెళ్ళిలో రెండో బంతి కోసం ఎదురుచూస్తున్నప్పుడు, రైల్లో ఎదురు సీటాయన తన కష్టం చెప్పుకోవడం మొదలుపెట్టినప్పుడు, కార్తీక వనభోజనాల్లో ఉసిరి చెట్టు కింద కూర్చున్నప్పుడు, ఎక్కడ సందు దొరికితే అక్కడ విప్పేవాణ్ణి. విన్నవాళ్ళు తలూపేవాళ్ళు. ఆ తల ఊపు కోసం ప్రాణమైనా ఇచ్చేవాణ్ణి.

నా లెక్క చాలా సుఖంగా ఉండేది. నాకు మంచి జరిగితే అది నా కష్టార్జితం, కాదంటే పూర్వజన్మ సుకృతం. ఎదుటివాడికి మంచి జరిగితే కాలం కలిసొచ్చింది. నాకు చెడు జరిగితే ఎవరి దిష్టో తగిలింది, లేదా ఎవడో కావాలని చేశాడు. ఎదుటివాడికి చెడు జరిగితే మాత్రం వాడి ప్రారబ్ధం, అనుభవించక తప్పదు. ఈ లెక్క మీరూ ఎప్పుడో ఒకప్పుడు వేసే ఉంటారు. వెయ్యని మనిషి నాకింతవరకూ తగల్లేదు.

అలాంటి రోజుల్లోనే రాజమండ్రిలో మా పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్యకి పక్షవాతం వచ్చింది. ఎడమ వైపు చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట ముద్దగా వస్తోంది. ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చారని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. అరడజను బత్తాయిలు, ఓ బ్రెడ్డు ప్యాకెట్టు, ఇవి కాక నా ఉపన్యాసం పట్టుకెళ్ళాను.

మంచం పక్కన కుర్చీ వేశారు. అన్నయ్య నా వంక చూశాడు. ఆ చూపులో ఏముందో ఆగి చూసి ఉంటే నోరు మూసుకునేవాణ్ణేమో. చూడలేదు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. జన్మజన్మల నుంచి పోగైనది సంచితం అన్నాను. అందులోంచి ఈ జన్మకి పంచి ఇచ్చింది ప్రారబ్ధం అన్నాను. ఇప్పుడు చేస్తున్నది ఆగామి అన్నాను. జ్ఞానం కలిగితే సంచితం కాలిపోతుంది, ఆగామి అంటదు, ప్రారబ్ధం మాత్రం విల్లు వదిలిన బాణం, దాన్ని శంకరాచార్యులవారంతటి వారే ఆపలేదు అన్నాను, బ్రహ్మసూత్రాల్లో నాలుగో అధ్యాయం చూడమన్నాను, కదల్లేని మనిషిని పట్టుకుని నాలుగో అధ్యాయం చూడమన్నాను, అక్కడితో ఆగానా, ఆగలేదు, ఏ జన్మలో ఎవరిని కదలకుండా కట్టిపడేశావో ఈ జన్మలో ఇలా అనుభవిస్తున్నావు, ఇది కూడా మంచికే, ఒక బాకీ తీరిపోతోందనుకో అన్నాను. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నా మాటల ప్రభావానికే అంతా మౌనంగా ఉన్నారనుకున్నాను.

అప్పుడు మా వదిన లోపలికొచ్చింది. చేతిలో మడతపెట్టిన పాత దుప్పటి ఉంది. "అబ్బాయ్, మీ అన్నయ్యని పక్కకి తిప్పే వేళయింది. ఓ చెయ్యెయ్యి" అంది.

రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే నడుం కిందా మడమల దగ్గరా ఒత్తిడి పడి చర్మం నల్లబడి పుళ్ళు పడతాయిట. ఆ సంగతి నాకు తెలీదు. దుప్పటిని నాలుగు మడతలు వేసి నడుం కింద పరిచి, ఇద్దరూ చెరోవైపు అంచు పట్టుకుని కాస్త ఎత్తి ఒకేవైపుకి లాగితే మనిషి ఒరుసుకోకుండా తిరుగుతాడు. మోకాళ్ళ మధ్య ఒక దిండు, వీపు వెనక ఒక దిండు. పడిపోయిన చెయ్యి ఒంటి కింద నలక్కుండా ముందుకు తీసి పెట్టాలి. అయినా వదిన ఇదంతా ఒక్కతే చేసుకుంటోంది, పగలూ రాత్రీ. నేను అంచు సరిగ్గా పట్టుకోలేదు. అన్నయ్య మూలిగాడు. వదిన ఏమీ అనలేదు, నా చేతులు సరైన చోట పెట్టి మళ్ళీ లాగించింది.

అన్నయ్య బీపీ మాత్రలు ఆపేశాడని నాకు కాఫీ ఇస్తున్నప్పుడు చెప్పింది వదిన. ఒంట్లో బాగానే ఉంది కదా, రోజూ ఎందుకని మానేశాడట. ఆవకాయ లేనిదే ముద్ద దిగదు, చుట్ట సరేసరి. కారణం ఇంత దగ్గర్లో, మందుల డబ్బాలో కూర్చుని ఉంటే, నేను దాన్ని వదిలేసి ఎన్నో జన్మలు వెనక్కి వెళ్ళి వెతుక్కొచ్చాను.

ఆ రోజు సిగ్గుపడి బుద్ధి తెచ్చుకున్నానని చెప్పగలిగితే ఎంత బాగుండును! తెచ్చుకోలేదు. బస్సెక్కగానే, వదినకి వేదాంతం ఒంటబట్టలేదు పాపం అనుకున్నాను.

ఆ తర్వాత నా వంతు వచ్చింది. ఆఫీసులో నాకు రావలసిన ప్రమోషన్ నాకంటే చిన్నవాడికి ఇచ్చారు. ఆ కుర్రాడికి నేనే పని నేర్పాను. ఆ సాయంత్రం నుంచి నాకు నిద్ర లేదు, తిండి సయించలేదు. చూశారా, ఇక్కడ ప్రారబ్ధం అనుకుని ఊరుకోవచ్చు. అన్నయ్యకి చెప్పిన బాణం కథ నాకూ చెప్పుకోవచ్చు. ఒక్కసారైనా గుర్తుకు రాలేదు. నాకు కావలసింది పరిహారం. ఎవరో ఒకరు నా బాణాన్ని మధ్యలో పట్టుకోవాలి.

తమిళనాడులో శీర్కాళి దగ్గర వైదీశ్వరన్ కోయిల్ ఉంది. అక్కడ శివుడు వైద్యుడు, జబ్బులు నయం చేసే దేవుడు. నవగ్రహ క్షేత్రాల్లో అంగారకుడిది. ఆ గుడి చుట్టుపక్కల వీధుల్లో నాడీ జోస్యం కేంద్రాలు బోలెడున్నాయి. అగస్త్యుడు మొదలైన ఋషులు మన బతుకులన్నీ ముందే తాళపత్రాల మీద రాసి పెట్టారని చెబుతారు. గుళ్ళో దణ్ణం పెట్టుకుని బయటికొచ్చి అలాంటి ఒక కేంద్రంలోకి వెళ్ళాను.

మగవాళ్ళది కుడి బొటనవేలు, ఆడవాళ్ళది ఎడమ బొటనవేలు. ముద్ర తీసుకుని లోపలికెళ్ళి తాళపత్రాల కట్ట తెస్తారు. చదివేవాడు ఒక్కో ఆకూ తిప్పుతూ అడుగుతుంటాడు, పక్కనున్నాయన తెలుగులో చెబుతుంటాడు. మీ పేరు రెండక్షరాలా? కాదు. మీ తండ్రిగారి పేరులో విష్ణువు పేరుందా? ఉంది. తోబుట్టువుల్లో మీరు పెద్దవారా? కాదు. ఉద్యోగంలో చిక్కులా? ఆ మాట వినగానే నాకు గుండె ఆగినంత పనైంది, ఋషికి నా ఆఫీసు సంగతి కూడా తెలుసా అని. ఉద్యోగంలో చిక్కుల్లేని మనిషి అంత దూరం ఎందుకొస్తాడన్న ఆలోచనే రాలేదు. అవును, కాదు అంటూ నా చరిత్రంతా నేనే అప్పజెప్పాను. కాసేపటికి నా ఆకు దొరికింది. నేను చెప్పిన సంగతులన్నీ పాతకాలం తమిళ పద్యంలో నాకే తిరిగి వినిపిస్తుంటే ఒళ్ళు జలదరించింది.

పూర్వజన్మ కాండానికి, శాంతి కాండానికి వేరే రుసుం. ఇచ్చాను. పోయిన జన్మలో నేను ఒక రాజుగారి కొలువులో మంత్రినట. పండితుణ్ణట. అయితే నమ్మి కొలిచిన నౌకరుకి జీతం ఎగ్గొట్టి, కుటుంబంతో సహా వీధిపాలు చేశానట. ఆ ఉసురే ఈ జన్మలో ఉద్యోగం దగ్గర అడ్డం పడుతోందట. దీనికి శాంతి హోమం, ఫలానా ఫలానా గుళ్ళలో దీపాలు.

నిజం చెప్పేస్తాను. నౌకరు ఉసురు మాట నా చెవిలో సగమే పడింది. మంత్రి అన్న మాట దగ్గరే ఆగిపోయాను. తిరిగొచ్చే రైల్లో పక్కవాళ్ళకి చెప్పాను, ఇంటికొచ్చి ఇరుగుపొరుగుకి చెప్పాను, ఫోన్లు చేసి మరీ చెప్పాను. నడక మారింది. పండక్కి తమ్ముడి ఇంటికెళ్ళి సోఫాలో కూర్చున్న తీరు చూసి మా మరదలు, బావగారికి నడుం పట్టేసిందా అని అడిగిందట. పూర్వజన్మల మీద నమ్మకమున్న మాబోటి వాళ్ళలో ఒక విచిత్రం ఉంది. అందరం రాజులమో, మంత్రులమో, మునులమో అవుతాం. గేదెలు కాసినవాడూ గడ్డి కోసినవాడూ మాలో ఒక్కడూ ఉండడు.

హోమానికి డబ్బు కట్టేరోజు మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "ఏమండీ, ఆ జన్మలో నౌకరుకి జీతం ఎగ్గొట్టానని ఇన్ని వేలు పోస్తున్నారు కదా. పోయిన నెల మన పనావిడ వాళ్ళమ్మకి బాగాలేదని ఊరెళితే నాగాలని డబ్బులు కోసేశారు. ముందు అవిచ్చేయకూడదూ?" అంది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. శాస్త్రానికీ సంసారానికీ ముడిపెట్టకు అని అరిచాను. హోమం చేయించాను. ప్రమోషన్ రాలేదు.

అయితే ఆవిడ అన్న మాట అరుపుతో పోలేదు. పూజ చేస్తున్నా, ఆఫీసు ఫైలు తిప్పుతున్నా అదే మాట. ఎవరికీ కనపడని జన్మలో, పేరైనా తెలియని నౌకరుకి చేసిన అన్యాయానికి హోమం చేయించినవాణ్ణి, రోజూ పొద్దున్నే ఆరింటికి మా వాకిలి ఊడ్చే మనిషి దగ్గర ఏం చేశాను? ఆవిడ వాళ్ళమ్మకి ఎలా ఉందనైనా అడగలేదు.

అప్పుడు మళ్ళీ పుస్తకాలు తీశాను. ఇంతకుముందు అవే పుస్తకాలు ఇతరులకి చెప్పడానికి చదివాను. ఈసారి నా కోసం చదివాను. చదివిన కొద్దీ తలదించుకోవలసి వచ్చింది.

భారతం ఆనుశాసనిక పర్వం మొదట్లోనే గౌతమి కథ ఉంది. అంపశయ్య మీదున్న భీష్ముడు ధర్మరాజుకి చెబుతాడు. గౌతమి అనే ముసలావిడ కొడుకు పాము కరిచి చనిపోయాడు. అర్జునకుడనే బోయవాడు ఆ పాముని కట్టి తెచ్చి, దీన్ని ఎలా చంపమంటావని అడుగుతాడు. చంపితే నా బిడ్డ లేచి వస్తాడా, వదిలెయ్యి అంటుంది ఆవిడ. పాము తన తప్పు లేదు, మృత్యువు పంపిందంటుంది. మృత్యువు వచ్చి కాలం పంపిందంటుంది. కాలం వచ్చి, ఇది ఆ బిడ్డ కర్మ అంటుంది. ఈ కథ నాకు ఎప్పటి నుంచో తెలుసు. కాలం చెప్పిన ఆ చివరి మాట కోసమే దీన్ని చాలా సభల్లో వాడుకున్నాను. గౌతమి ఏం చేసిందో మాత్రం గమనించలేదు. కర్మ మాట విన్నాక, నేను చేసుకున్నదీ ఇందులో ఉందని తన మీదికి తీసుకుంది ఆవిడ. పాముని విడిపించింది. బిడ్డ పోయిన తల్లి ఆ సిద్ధాంతాన్ని క్షమించడానికి వాడుకుంది. నేను అదే సిద్ధాంతంతో మంచంలో ఉన్నవాణ్ణి దోషిని చేశాను.

అణిమాండవ్యుడి కథైతే ఇంకా గట్టిది. దొంగతనం అంటగట్టి రాజు కొరత వేయిస్తే, ఇదెందుకని ఆ ముని యముణ్ణే నిలదీశాడు. చిన్నప్పుడు నువ్వు పురుగుల్ని దర్భతో గుచ్చావు, దాని ఫలితమన్నాడు యముడు. తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని ముని మండిపడి, భూమ్మీద శూద్ర స్త్రీ కడుపున పుట్టమని శపించాడు. అలా పుట్టిన యముడే విదురుడు. అంతేకాదు, ఇకమీదట 14 ఏళ్ళ లోపు చేసింది పాపం కిందికి రాదని కట్టడి చేశాడు. యముడి చిట్టా అంతటిదాన్నే తప్పని ఒక మనిషి కొట్టేసి దిద్దాడు! నేనేమో నా చేతిలో ఏ చిట్టా లేకుండానే అందరి పద్దులూ చదివేవాణ్ణి.

బుద్ధుణ్ణి మోళియ శివకుడనే పరివ్రాజకుడు అడిగాడట, మనిషి పడే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లేనని కొందరంటారు, మీరేమంటారని. పిత్తం వల్ల బాధ కలగొచ్చు, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, మూడూ కలిసి రావచ్చు, రుతువు మారినందువల్ల, ఒంటిని సరిగా చూసుకోనందువల్ల, ఎవరో కొట్టినందువల్ల కూడా రావచ్చు. ఎనిమిదోది కర్మఫలం అన్నాడు బుద్ధుడు. అన్నీ పూర్వకర్మేననేవాళ్ళు కళ్ళకి కనపడేదాన్ని దాటిపోతున్నారన్నాడు. సంయుత్త నికాయంలో ఉంది. ఇది చదివినప్పుడు మా అన్నయ్య మందుల డబ్బా కళ్ళ ముందుకొచ్చింది.

1957లో అచ్చయిన 'ద బుద్ధ అండ్ హిజ్ ధమ్మ'లో అంబేద్కర్ గారు ఇంకొక అడుగు ముందుకేశారు. పేదవాడి స్థితికి వాడి పూర్వకర్మే కారణమంటే, రాజ్యమూ సమాజమూ తమ బాధ్యత నుంచి తప్పించుకోవడానికి తప్ప అది ఇంకెందుకూ పనికిరాదన్నది ఆయన వాదం. యవ్వనంలో ఈ మాట విని ఉంటే ఆవేశపడి వాదించేవాణ్ణి. పనావిడ నాగాలు కోసిన చేత్తో ఏం వాదిస్తాను? ఆ తప్పించుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా సొంత ఇంట్లోనే చేశాను.

మరి అంతా కర్మేనా, మనిషి చేతిలో ఏమైనా ఉందా? యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు రాముడికి దీనికే జవాబు చెబుతాడు. దైవం అని వేరే ఏదీ లేదు, నిన్నటి ప్రయత్నమే ఇవాళ దైవం పేరుతో వచ్చి నిలబడుతుంది. నిన్నటి ప్రయత్నమూ నేటి ప్రయత్నమూ రెండు పొట్టేళ్ళలా ఢీకొంటాయి, బలం ఉన్నది గెలుస్తుంది అంటాడు. ప్రారబ్ధం మీద అంత మోజుపడ్డ నేను ఆ ముముక్షు ప్రకరణాన్ని ఎప్పుడూ దాటేసేవాణ్ణి. చదివితే ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది కదా.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్నట్టు కనిపించేది రమణ మహర్షి మాట. 1898లో తల్లి అళగమ్మ గారు వచ్చి ఇంటికి రమ్మని ఏడిస్తే, జరగవలసింది ప్రారబ్ధం ప్రకారం కర్త జరిపిస్తాడు, జరగనిది ఎంత ప్రయత్నించినా జరగదని కాగితం మీద రాసిచ్చారు. ఈ సంగతి నేను ఎన్నిసార్లు వాడుకున్నానో. తర్వాతి కాలంలో మహర్షి భక్తుడు దేవరాజ మొదలియారు గారు చేతిలో ఉన్న విసనకర్ర చూపించి, ఇది నేను కింద పెట్టడం కూడా ముందే నిర్ణయమైపోయిందా అని అడిగారు. అవునన్నారు మహర్షి. ఆపైన అసలు మాట చెప్పారు: ఈ శరీరం నేను అనుకోకుండా ఉండే స్వేచ్ఛ మనిషికి ఎప్పుడూ ఉంది. తన భక్తుడు మురుగనార్ కోసం తమిళంలో రాసి, తర్వాత తానే తెలుగులోకీ తెచ్చిన 'ఉపదేశసారం'లో కూడా ముప్ఫై పద్యాల మొదట్లోనే, కర్మ జడం, అది దేవుడు కాదని తేల్చేశారు. నేను ఇన్నేళ్ళూ ఆ జడాన్ని సింహాసనం ఎక్కించి, దాని పక్కన మంత్రిగా కూర్చున్నాను.

సూరి నాగమ్మ గారు అన్నగారికి తెలుగులో రాసిన రమణాశ్రమ లేఖలు మీరూ చదివే ఉంటారు. నేను చదివినంతలో వాటిలో మహర్షి ఎవరి బాధ చూసినా, నీ పూర్వజన్మ ఇలాంటిదని చెప్పి పంపేయరు. కోతి పిల్లకీ ఉడతకీ కూడా ఆయన దగ్గర చోటుంది. ప్రారబ్ధం తప్పదన్న మనిషే కూరలు తరిగారు, రుబ్బారు, విస్తళ్ళు కుట్టారు. ఒళ్ళు దాని పని అది చేసుకుపోతుంటే తాను దానికి కట్టుబడలేదు. వసిష్ఠుడికీ ఆయనకీ మధ్య నేను చూసిన గొడవ నాకు మాత్రమే ఉన్న గొడవ. ఇద్దరూ వదిలించుకోమన్నది ఒక్కటే, ఈ 'నేను'ని. నేను పట్టుకు వేలాడింది దాన్నే.

పనావిడ డబ్బులు ఇచ్చాను. ఆవిడ లెక్కపెట్టుకుని, "ఇప్పుడెందుకిచ్చారు సార్?" అంది. మంత్రి కథ చెప్పబోయి ఆగాను. అవి నీవేనమ్మా, పొరపాటున కోశాను అన్నాను. వాళ్ళమ్మ పోయింది. ఆ సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది.

ఇప్పుడు శనివారాలు రాజమండ్రి వెళ్తున్నాను, వదినకి కాస్త వెసులుబాటు. దుప్పటి అంచు పట్టుకోవడం వచ్చింది. అన్నయ్య చేత మెత్తటి బంతి పిసికించడం, ఎడమ చేతి వేళ్ళు ఒక్కొక్కటీ సాగదీయడం ఫిజియోథెరపీ కుర్రాడు నేర్పాడు. మొన్నొకసారి వేళ్ళు సాగదీస్తూ ఉండగా అన్నయ్యే మాట కదిపాడు. "ఆ రోజు నా ప్రారబ్ధం గురించి ఏదో చెప్పావురా, మళ్ళీ చెప్పు" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. క్షమించమని అడిగాను. "దానికేం గానీ, ఈ మధ్య ఏం చదివావో అది చెప్పు" అన్నాడు. విసనకర్ర సంగతి చెప్పాను. ఒళ్ళు నేను కాదనుకునే స్వేచ్ఛ ఒక్కటి మన చేతిలో ఉందన్నారు అన్నాను, మెల్లిగా, భయపడుతూ.

అన్నయ్య చాలాసేపు తన ఎడమ చేతి వంక చూశాడు. తర్వాత ముద్దగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అన్నాడు: "ఈ చెయ్యి నా మాట వినడం మానేసి ఏడాది దాటిందిరా. మొదట్లో నేనే పోయాననుకుని ఏడ్చాను. పోలేదు. చెయ్యి పోయింది, నేను ఇక్కడే ఉన్నాను. ఈ సంగతి నాకు మీ వదిన దుప్పటి లాగుతున్నప్పుడే తెలిసింది."

అని, పేపర్లో క్రికెట్ పేజీ తీసి పైకి చదవమన్నాడు.